నిర్ణయం క్లయింట్‌ది అయితే కోచ్ పనేంటి?

ఈ విడత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పర్సనల్ కోచింగ్ గురించే, అంటే ఉద్యోగంలోనో జీవితంలోనో ఏదైనా తేల్చుకోవాల్సిన మనిషితో విడిగా కూర్చుని మాట్లాడి, తన దారి తనే వెతుక్కునేలా సాయపడటం. కొత్తగా ఈ పనిలో కుదురుకుంటున్న కోచ్‌లు రాశారు, కోచ్ దగ్గరికి వెళ్తున్నవాళ్లు రాశారు. అడిగిన తీరు వేరైనా అందరి సందేహమూ ఒక్కచోటే తేలుతోంది: కోచ్ ఎంతవరకు కలగజేసుకోవాలి, ఎక్కడ ఆగాలి? మా ఉద్దేశం ముందే చెప్పేస్తాం. తేల్చుకోవడం, చెయ్యడం క్లయింట్ వంతు. అవి సాధ్యమయ్యేలా ఇద్దరూ కూర్చునే ఆ గంటని నడపడం కోచ్ వంతు. ఒప్పుకోవడానికి తేలికైన మాటే. చిక్కులన్నీ పాటించేటప్పుడే వస్తాయి.

ప్రశ్న: నేను కోచ్‌గా కొత్త. క్లయింట్లు చాలామంది "అవన్నీ ఎందుకండీ, మీరైతే ఏం చేస్తారో అది చెప్పండి" అంటారు. ఉద్యోగం మానాలా వద్దా తేల్చుకోలేక వచ్చిన ఒకావిడకి నేను ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తుంటే విసుగొచ్చింది. సలహా చెప్పేస్తే తప్పా?

జవాబు: సమాచారం ఇవ్వండి, నిర్ణయం మాత్రం ఇవ్వకండి. ఈ రెంటి మధ్య గీత గీసుకుంటే మీ ఇబ్బంది చాలామటుకు తీరుతుంది. నోటీసు గడువు ఎంతుందో ఒప్పంద పత్రంలో చూసుకోమనడం, రెండు ఉద్యోగాలను పోల్చేటప్పుడు జీతంతో పాటు పనివేళలు, ప్రయాణం, సెలవులు కూడా పక్కపక్కన రాసుకోమనడం సమాచారం. "మానెయ్యండి, మీకు అదే మంచిది" అంటే అది నిర్ణయం. ఆమె జీవితంలో మీరు చూసింది ఆమె చెప్పిన గంటో రెండు గంటలో. మీ మాట విని మానేస్తే వచ్చే మంచిచెడ్డలన్నీ ఆమే మొయ్యాలి. పైగా ఆ సలహా ఫలిస్తే గొప్ప మీది, బెడిసికొడితే తప్పు మీది. ఎటు తిరిగినా ఆమె నేర్చుకునేది ఒక్కటే, మళ్లీ వచ్చి మిమ్మల్ని అడగడం.

ఇంకో కారణం కూడా ఉంది, ఇది చాలామంది కొత్త కోచ్‌లకి తెలియదు. రెండు మనసుల మధ్య ఊగుతున్న మనిషిని మీరు ఒకవైపు లాగితే ఆ మనిషి రెండోవైపు తరఫున మాట్లాడటం మొదలుపెడతారు. మీరు "మానెయ్యండి" అనగానే "కానీ జీతం బానే ఉందండీ" అంటారు. మీరు "ఉండండి" అంటే "కానీ ఆ మేనేజర్‌తో ఎలా?" అంటారు. తాగుడు మానలేక సతమతమయ్యేవాళ్లతో పనిచేసిన అమెరికన్ సైకాలజిస్టు విలియం మిల్లర్ 1983లో మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే పద్ధతిని ముందుకు తెచ్చింది ఈ చిక్కు గమనించే. తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి దాన్ని విస్తరించారు. ఎదుటివాళ్లని వెంటనే సరిదిద్దెయ్యాలనే ఆత్రం కోచ్‌లో ఎంత ఎక్కువుంటే, మారడానికి కారణాలు క్లయింట్ నోట అంత తక్కువగా వస్తాయి. ఆ కారణాలు వాళ్ల నోటే రావాలి.

సమాచారం ఇవ్వవలసి వచ్చినప్పుడు ఇలా చెయ్యండి. ముందు ఆవిడకి ఏం తెలుసో అడగండి. "దీని గురించి నాకు తెలిసింది రెండు ముక్కలు చెప్పనా?" అని అనుమతి తీసుకోండి. రెండు మూడు విషయాలకి మించకుండా చెప్పి, "ఇందులో మీకు పనికొచ్చేది ఏమైనా ఉందా?" అని మాట మళ్లీ ఆవిడకే అప్పగించండి. ఏదీ పనికిరాదంటే నొచ్చుకోకుండా వదిలెయ్యాలి, సమర్థించుకోకూడదు.

ఇక విసుగు సంగతి. ప్రశ్నలు వేసినందుకు విసుగు రాదు, ఎటూ కదలని ప్రశ్నలు వేస్తే వస్తుంది. "మీకేమనిపిస్తోంది? మీ కల ఏమిటి? అయిదేళ్లలో ఎక్కడుండాలనుకుంటున్నారు?" అని వరసగా అడిగితే ఎవరికైనా విసుగే. జరిగినదాన్ని దగ్గరగా చూపించే ప్రశ్న వెయ్యండి. ఉదాహరణకి ఈ సంభాషణ చూడండి:

"మేనేజర్‌తో పడట్లేదండీ, మానేద్దామనుకుంటున్నా."
"ఏం జరిగినప్పుడు అలా అనిపిస్తోంది?"
"ఇంటికి బయల్దేరే టైముకి కొత్త పని నెత్తినేస్తారు."
"పోయిన నాలుగు వారాల్లో అలా ఎన్నిసార్లు జరిగింది?"
"ఎన్నిసార్లంటే... మూడు. మూడూ నెలాఖరు రిపోర్టు దగ్గరే."
"మిగతా రోజుల్లో?"
"మిగతా రోజుల్లో పర్లేదు."
"అయితే ఇప్పుడు మీరు తేల్చుకోవలసింది ఏమిటి?"
"నెలాఖరు పని ముందే పంచుకోవడం గురించి ఆయనతో మాట్లాడాలేమో."

ఇందులో కోచ్ ఒక్క సలహా కూడా చెప్పలేదు. కానీ "ఎన్నిసార్లు" అన్న ప్రశ్న లేకపోతే ఆ మనిషి రాజీనామా గురించే గంటసేపు మాట్లాడేవారు. లెక్క తీయించాక అది నెలాఖరు సమస్య అని తేలింది. ఇంకొకరి విషయంలో లెక్క రోజూ అని తేలవచ్చు, అప్పుడు రాజీనామాయే సరైన దారి కావచ్చు. ఏది తేలుతుందో కోచ్‌కి ముందే తెలియదు, తెలిసినట్టు ప్రశ్నలు మళ్లించకూడదు కూడా.

బ్రిటన్‌లో 1980ల్లో జాన్ వైట్‌మోర్, ఆయన సహచరులు వాడుకలోకి తెచ్చిన గ్రో పద్ధతి మీరు నేర్చుకునే ఉంటారు. గోల్, రియాలిటీ, ఆప్షన్స్, విల్ అని నాలుగు అంచెలు: ఏం కావాలి, ఇప్పుడేం జరుగుతోంది, ఏయే దారులున్నాయి, ఏది ఎప్పుడు చేస్తారు. కొత్త కోచ్‌లు జారిపోయేది రెండో అంచెలో. "ఇప్పుడేం జరుగుతోంది" అన్నదాన్ని అయిదు నిమిషాల్లో ముగించి దారులు వెతకడానికి ఉరుకుతారు. అప్పుడు వచ్చేవన్నీ క్లయింట్ ఎప్పుడో ప్రయత్నించి వదిలేసిన దారులే. గంట సెషన్‌లో మొదటి 10 నిమిషాలు ఇవాళ ఏం తేల్చుకోవాలో అన్నదానికి, 20 నిమిషాలు జరుగుతున్నదానికి, 15 దారులకి, చివరి 15 చెయ్యబోయేదానికి అని పెట్టుకుంటే తూకం బావుంటుంది. గడియారం చూసి కోయమని కాదు, రెండో అంచెని మింగెయ్యొద్దని.

ప్రశ్న వేసే తీరులో రెండు మూడు పొరపాట్లు పదేపదే కనిపిస్తాయి. ఒకే ఊపిరిలో రెండు ప్రశ్నలు వేస్తే క్లయింట్ తేలికైనదానికి జవాబు చెప్పి రెండోది దాటేస్తారు. "ఎందుకు చెప్పలేదు?" అంటే సంజాయిషీ వస్తుంది, "చెప్పబోతే ఏం అడ్డొచ్చింది?" అంటే సమాచారం వస్తుంది. "ఒకసారి ఆయనతో మాట్లాడి చూడకూడదా?" అన్నది ప్రశ్న గుర్తు తగిలించిన సలహా, దాన్ని క్లయింట్లు ఇట్టే పసిగడతారు. ఇక అన్నిటికన్నా కష్టమైనది ఊరుకోవడం. ప్రశ్న వేశాక మనసులో పది లెక్కపెట్టండి. చాలామంది మూడు దగ్గరే ఆగలేక ఇంకో ప్రశ్నతో ఆ ఆలోచనని తెగ్గొడతారు.

ప్రశ్న: మొదటి సమావేశంలో ఏమేం మాట్లాడుకోవాలి? కాగితం మీద రాసుకోవడం అవసరమా, నమ్మకం చాలదా?

జవాబు: రాసుకోండి. నమ్మకం లేక కాదు, మూడో నెలలో ఎవరికి ఏం గుర్తుంటుందో ఎవరూ చెప్పలేరు కనక. ఒకటి రెండు పేజీలు చాలు. ఎన్ని సెషన్లు, ఒక్కోటి ఎంతసేపు, ఎంత ఎడం. మామూలుగా 45 నుంచి 60 నిమిషాలు, రెండు వారాలకోసారి, మొత్తం ఆరు నుంచి పన్నెండు సెషన్లు అనుకుంటే ఎక్కువమందికి సరిపోతుంది. వారానికోసారి పెడితే అనుకున్న పని చెయ్యడానికి మధ్యలో వ్యవధి ఉండదు, నెలకోసారైతే వేడి చల్లారిపోతుంది. ఫీజు, అది కట్టే రోజు, రద్దు చేసుకోవాలంటే ఎంత ముందు చెప్పాలి (24 గంటలు పెట్టేవాళ్లు ఎక్కువ), సెషన్ల మధ్య మెసేజ్ పెట్టవచ్చా, పెడితే ఎప్పటిలోగా జవాబొస్తుంది, ఇవన్నీ అందులో ఉండాలి.

అన్నిటికన్నా జాగ్రత్తగా రాయాల్సింది గోప్యత. "అంతా రహస్యం" అని ఒక్కముక్కలో తేల్చెయ్యకండి. ప్రాణాపాయం కనిపించినప్పుడు, చట్టం అడిగినప్పుడు రహస్యం దాచలేనని ముందే చెప్పాలి. మీ పని మెరుగుపరచుకోవడానికి సీనియర్ కోచ్‌తో చర్చిస్తారా, చర్చిస్తే పేరు, గుర్తులు తీసేస్తారా అన్నదీ చెప్పాలి. నోట్సు ఎక్కడ దాస్తారు, ఎన్నాళ్లకి చించేస్తారు అన్నది కూడా. నోట్సులో క్లయింట్ అన్న మాటలు, ఒప్పుకున్న పనులు, తేదీలు రాయండి. "ఆత్మవిశ్వాసం లేని మనిషి" లాంటి తీర్పులు రాయకండి. ఆ కాగితం రేపు క్లయింట్ చదివినా మీకు ఇబ్బంది లేకుండా ఉండాలి.

మధ్యలో ఎవరికి నచ్చకపోయినా ఆపేసే హక్కు ఇద్దరికీ ఉందన్న వాక్యం తప్పకుండా పెట్టండి. అది లేకపోతే క్లయింట్లు మొహమాటానికి వస్తూనే ఉంటారు.

ప్రశ్న: ఒక క్లయింట్ ప్రతిసారీ "తప్పకుండా చేస్తానండీ" అని వెళ్తారు, ఏమీ చెయ్యకుండా వస్తారు. గట్టిగా అడిగితే మొహం ముడుచుకుంటారు. మెత్తగా ఉంటే పని కాదు. ఏం చెయ్యాలి?

జవాబు: గట్టిగానా మెత్తగానా అన్నది పక్కన పెట్టి, ముందు ఆ పని ఎవరు ఎంచుకున్నారో చూడండి. సెషన్ చివరి రెండు నిమిషాల్లో మీరు "ఈ వారం ఇది చేద్దామా?" అంటే ఆయన "సరే" అన్నారా? అలాంటి సరేలు గుమ్మం దాటవు.

పని ఆయనే ఎంచుకున్నాక ఒక ప్రశ్న వెయ్యండి: "ఇది చేస్తానని మీకెంత నమ్మకం, 0 నుంచి 10లో?" 7 కన్నా తక్కువ చెప్తే ఆ పనిని అక్కడే చిన్నది చెయ్యాలి. "రోజూ గంట చదువుతా" కాస్తా "వారంలో మూడు రోజులు 20 నిమిషాలు" అవుతుంది. మళ్లీ అడగండి. 7కి చేరేదాకా కుదించండి. దీనికి రెండు మూడు నిమిషాలే పడుతుంది, కానీ రెండు వారాలు వృథా కాకుండా ఆపుతుంది.

తర్వాత ఆ పనిని రోజులో ఏదో ఒకదానికి ముడివెయ్యండి. జర్మన్ సైకాలజిస్టు పీటర్ గోల్‌విట్జర్ 1990ల్లో పరిశోధించి చూపించింది ఇదే: "చేస్తాను" అనుకోవడం కన్నా "ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను" అని ముందే అనుకుని ఉంచుకుంటే పని జరిగే అవకాశం పెరుగుతుంది. "రాత్రి అన్నం తిని ప్లేటు సింకులో పెట్టగానే పుస్తకం తీస్తా" అన్నది పట్టుకోడానికి వీలుంది. "రాత్రి వీలు చూసుకుని" అన్నదానికి పట్టు లేదు. అడ్డంకికి కూడా అలాగే ఒక మాట తయారుగా ఉండాలి: "ఆ టైముకి ఫోనొస్తే, మాట్లాడి పెట్టెయ్యగానే పది నిమిషాలైనా చదువుతా."

చెయ్యకుండా వచ్చినప్పుడు మీ మొదటి మాట ముఖ్యం. "ఏం, కుదరలేదా?" అంటే సాకు వెతుక్కుంటారు. "చేద్దామనుకున్న రోజున ఏం జరిగింది?" అని ఆ రోజు గురించే అడగండి. ఎక్కడ తెగిందో దొరుకుతుంది.

అదే పని మూడుసార్లు జారిపోతే పనిని కాదు, లక్ష్యాన్నే అనుమానించండి. ఆ లక్ష్యం ఆయనదా, ఇంట్లోవాళ్లదా, నలుగురి ముందు చెప్పుకోడానికి పెట్టుకున్నదా? "ఇది మీకెంత ముఖ్యం, 0 నుంచి 10లో?" అని అడగండి. 4 అన్నారనుకోండి. "9 ఎందుకు కాదు?" అని మాత్రం అడగొద్దు, ఎందుకు ముఖ్యం కాదో ఆయనే ఏకరువు పెడతారు. "1 ఎందుకు అనలేదు?" అనండి. ఆ లక్ష్యంలో ఆయనకి నిజంగా పట్టున్న భాగం ఏదైనా ఉంటే ఆ జవాబులో బయటపడుతుంది. ఏమీ బయటపడకపోతే ఆ లక్ష్యాన్ని ఇద్దరూ కలిసి తీసెయ్యడమే మర్యాద. అది ఓటమి కాదని కోచ్ స్పష్టంగా చెప్పాలి.

ప్రశ్న: సెషన్‌లో క్లయింట్ ఏడ్చేశారు. ఎక్కడిదాకా నేను వినొచ్చు, ఎప్పుడు డాక్టర్ దగ్గరికి పంపాలి?

జవాబు: ఏడుపు ఒక్కటే చూసి బెదిరిపోకండి. మంచినీళ్లిచ్చి, తొందరపెట్టకుండా కూర్చోండి. "ఇవాళ ఇక్కడితో ఆపుదామా, కాసేపాగి మాట్లాడదామా?" అని వాళ్లనే అడగండి. మనసులోది బయటికి రావడం జబ్బు కాదు.

గమనించాల్సినవి వేరే ఉన్నాయి. రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉండటం, ఇదివరకు ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోవడం రెండు వారాలు లేదా అంతకన్నా ఎక్కువగా సాగుతుంటే, దాంతో పాటు నిద్ర, ఆకలి దెబ్బతిని పనికి కూడా వెళ్లలేకపోతుంటే, అది కోచింగ్‌తో చక్కదిద్దేది కాదు. భయంతో ఊపిరాడకపోవడం, తాగుడు చెయ్యి దాటడం, పాత గాయం పీడకలలుగా వెంటాడటం, ఇంట్లో హింస, ఇవన్నీ అంతే. పేరు పెట్టడం మీ పని కాదు. "మీకు డిప్రెషన్ ఉంది" అనకండి. "మీరు చెప్పినవి వింటుంటే, వీటిని చూడగలిగే డాక్టర్‌ని కలవడం మంచిదనిపిస్తోంది. నేను చెయ్యగలిగిన పని ఇది కాదు" అనండి. ఆ మాట తర్వాత అరగంట మామూలు సెషన్ నడిపితే ఆ మాటకి విలువ ఉండదు. ఎవరిని కలుస్తారు, ఎప్పుడు, తోడు ఎవరొస్తారు అన్నది అక్కడే మాట్లాడండి. డాక్టరూ క్లయింటూ సరేనంటే కోచింగ్ పక్కన సాగవచ్చు.

చనిపోవాలనుందన్న సూచన ఏ రూపంలో వచ్చినా నేరుగా అడగండి: "ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు. అలా పుట్టదు, చెప్పుకోడానికి దారి దొరుకుతుంది. అవునంటే వాళ్లని ఒంటరిగా వదలొద్దు. దగ్గరివాళ్లని పిలిపించండి, ఎమర్జెన్సీ సేవలకో హెల్ప్‌లైన్‌కో మీరు ఉండగానే కలపండి. ఫోన్లో ఉంటే వాళ్లు ఎక్కడున్నారో కనుక్కుని, సాయం చేరేదాకా పెట్టెయ్యకండి. ఈ నంబర్లు అప్పటికప్పుడు వెతికేలా ఉండకూడదు, మీ చేతికందేచోట ముందే రాసి ఉండాలి. క్లయింట్ వేరే ఊళ్లోనో దేశంలోనో ఉంటే అక్కడి నంబర్లు మొదటి సెషన్ కన్నా ముందే సంపాదించండి.

ప్రశ్న: కోచ్ ఫీజు మా కంపెనీ కడుతోంది. నేను అక్కడ చెప్పుకున్నవి మా మేనేజర్‌కి చేరతాయేమోనని భయంగా ఉంది.

జవాబు: మీ భయం సబబే. మొదలుపెట్టకముందే మీరు, మేనేజర్, కోచ్ ముగ్గురూ కూర్చుని ఏది కంపెనీకి వెళ్తుందో, ఏది వెళ్లదో తేల్చుకోవాలి. సాధారణంగా లక్ష్యాలేమిటి, ఎన్ని సెషన్లయ్యాయి అన్నంతవరకే వెళ్తుంది. గదిలో ఏం మాట్లాడుకున్నారన్నది వెళ్లదు. ఎంత ముందుకొచ్చారన్నది మీ నోటితో మీరే మేనేజర్‌కి చెప్పడం అన్నిటికన్నా మేలు. మంచి కోచ్ అయితే మేనేజర్ విడిగా ఫోన్ చేసి ఆరా తీసినా "ఆ సంగతి ఆవిడనే అడగండి" అంటారు. మీ కోచ్‌ని ఇదే అడిగి చూడండి: "మా సార్ మీకు ఫోన్ చేస్తే ఏం చెప్తారు?" జవాబు తడబడితే ఉద్యోగ లక్ష్యాలు దాటి ఇంకేమీ చెప్పుకోకండి.

ప్రశ్న: కోచ్‌ని ఎలా ఎంచుకోవాలి? అందరూ సర్టిఫికెట్లు చూపిస్తున్నారు.

జవాబు: చాలా దేశాల్లో కోచ్ అని బోర్డు పెట్టుకోడానికి లైసెన్సు అక్కర్లేదు. అందుకే సర్టిఫికెట్ ఎవరిచ్చారు, దానికి ఎన్ని గంటలు పనిచేసి ఉండాలి అన్నది అడగాలి. 1995లో మొదలైన అంతర్జాతీయ సంస్థ ఐసీఎఫ్ (ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్) మూడు మెట్లుగా గుర్తింపు ఇస్తుంది. మొదటి మెట్టు ఏసీసీకి కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి. రెండో మెట్టు పీసీసీకి శిక్షణ 125 గంటలు, అనుభవం 500. అన్నిటికన్నా పైదైన ఎంసీసీకి 200, 2,500. వారాంతపు వర్క్‌షాపులో చేతికిచ్చిన సర్టిఫికెట్‌ని వీటి పక్కన పెట్టి చూడండి. గంటలతో పాటు మనిషినీ చూడాలి. పరిచయ సంభాషణలో ఎవరు ఎక్కువ మాట్లాడారో గమనించండి. ముప్పై నిమిషాల్లో ఇరవై ఆయనే మాట్లాడితే, ఫలితానికి గ్యారంటీ ఇస్తే, డబ్బంతా ఇవాళే కట్టమంటే, లేచి వచ్చెయ్యండి.

ప్రశ్న: దగ్గరి స్నేహితురాలు తనకి కోచింగ్ ఇవ్వమంటోంది. ఇవ్వొచ్చా?

జవాబు: వద్దు. ఆమె నిర్ణయాల్లో మీకూ లాభనష్టాలుంటాయి. తెలిసిన ఇంకో కోచ్ పేరు చెప్పండి.

ప్రశ్న: ఒక క్లయింట్ నా దగ్గరికి రెండేళ్లుగా వస్తున్నారు. చిన్నచిన్న విషయాలకి కూడా మెసేజ్ పెట్టి అడుగుతారు. మానిపిస్తే బాధపడతారేమోనని, ఆదాయం పోతుందని కూడా, నేనే సాగదీస్తున్నాను.

జవాబు: ఆదాయం మాట దాచకుండా రాసినందుకు సంతోషం. ఈ చిక్కులో సగం అదే. దీన్ని ఒక్కరోజులో తెంచకండి, ఈ అలవాటు పెరగడంలో మీ వంతూ ఉంది.

ముందు మెసేజ్‌ల సంగతి. వెంటనే జవాబివ్వడం మానండి. "నన్ను అడిగేముందు మీరేం అనుకున్నారు?" అని తిరిగి అడగండి. నూటికి తొంభై సార్లు వాళ్ల దగ్గర జవాబు ఉండనే ఉంటుంది, దానికి మీ ముద్ర కావాలనుకుంటారంతే. ఆ ముద్ర వెయ్యకండి. "ఆ లెక్కన చేసి చూడండి, ఏమైందో వచ్చే సెషన్‌లో చెప్పండి" చాలు.

తర్వాత వచ్చే సెషన్‌లో నేరుగా మాట్లాడండి. మొదట రాసుకున్న కాగితం బయటికి తీసి, అప్పుడనుకున్న లక్ష్యాల్లో ఏవి తీరాయో ఆ మనిషి చేతే చెప్పించండి. కొత్త లక్ష్యం నిజంగా ఉంటే దానికి కొత్త ఒప్పందం, సెషన్ల సంఖ్యతో సహా రాసుకోండి. లేకపోతే ఎడం పెంచుతూ పోండి: రెండు వారాలది మూడు వారాలు, తర్వాత నెల, ఆపైన ఆఖరి సెషన్. ఇకముందు తీసుకునే క్లయింట్లతో ప్రతి నాలుగో సెషన్‌లో పది నిమిషాలు "ఇంకా మనం కలవాల్సిన అవసరం ఏముంది?" అన్న సమీక్షకి కేటాయిస్తే ఈ పరిస్థితి మళ్లీ రాదు.

ఆఖరి సెషన్‌లో మీరు మెచ్చుకోళ్లతో సరిపెట్టకండి. మూడు విషయాలు క్లయింట్ చేత రాయించండి: తనకి పనిచేసిన పద్ధతులేవి, మళ్లీ పాత దారిలో పడుతున్నానని తెలిపే గుర్తులేవి, ఆ గుర్తు కనబడిన రోజు మొదట ఏం చేస్తారు. మూడోదానికి "మీకు ఫోన్ చేస్తా" అని రాస్తే, అంతకుముందు చెయ్యగలిగింది ఇంకోటి రాయమనండి. మూడు నెలల తర్వాత ఒక అరగంట కలుద్దామనుకుంటే ఆ తేదీ అప్పుడే పెట్టుకోండి. ఈలోగా మీ అంతట మీరు "ఎలా ఉన్నారు?" అని మెసేజ్‌లు పెట్టకండి.